సింహాచలం కంట్లో నేను చూసినది

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఒక మనిషి పోగొట్టుకున్న చూపును నేను తొమ్మిదేళ్లుగా మోస్తున్నాను. అందులో నా తప్పుందని ఎవరూ అనలేదు. అతనూ అనలేదు. అనుంటే ఈ బరువు కొంత తగ్గేదేమో.

పోర్ట్ బ్లెయిర్‌లో ఒక కాలేజీలో అనాటమీ చెబుతాను. నా దగ్గర చదివేది డాక్టర్లు కాబోయేవాళ్లు కాదు, ఆప్టోమెట్రీ పిల్లలు. రేపు మీ చూపు పరీక్షించి కళ్లద్దాలు రాసేవాళ్లు. నేనూ డాక్టర్ని కాను. శరీరం ఎలా ఉంటుందో చెప్పగలను, దానికి వచ్చిన జబ్బేమిటో చెప్పే అధికారం లేదు. ఒకసారి మీటింగ్‌లో ఓ కంటి డాక్టరు నా మాటకు అడ్డొచ్చి, జబ్బుల సంగతి మాకొదిలెయ్యండి మాస్టారూ అని నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు చాలాకాలం నాలో గుచ్చుకుంటూనే ఉంది.

సింహాచలం మా ల్యాబ్ అటెండరు. నా ఈడువాడే. బాంబూఫ్లాట్ నుంచి రోజూ ఫెర్రీలో వచ్చేవాడు. ఇద్దరి తాతలూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు కావడంతో నాతో హిందీ మాటలు కలిసిన తెలుగులోనే మాట్లాడేవాడు. కంటి లోపలి భాగాలు చూపించే పాఠానికి ఏటా అతన్నే కూర్చోబెట్టేవాణ్ణి. చుక్కలు వేసి కంటిపాప పెద్దదయ్యాక పిల్లలు ఒక్కొక్కరే దీపమున్న పరికరంతో లోపలికి చూసేవారు. కంటి వెనక, నరం మొదలయ్యే చోట లేతరంగు బిళ్లలాంటిది కనబడుతుంది. దాని నడుమ చిన్న గుంట. సింహాచలం కంట్లో ఆ గుంట ఎంత స్పష్టంగా ఉండేదంటే, కొత్తగా నేర్చుకునేవాళ్లు కూడా మొదటిసారే పట్టుకునేవాళ్లు. చూసింది చూసినట్టు గీయండి అనేవాణ్ణి. గీసేవాళ్లు.

అలా కూర్చోబెట్టిన మూడో ఏడు, గ్రేస్ అనే అమ్మాయి అందరికంటే ఎక్కువసేపు చూసింది. చౌల్దారీ అనే పల్లె పిల్ల, మాట తక్కువ. తలెత్తి, ఈ గుంట మరీ పెద్దగా లేదా సార్, కంట్లో ఒత్తిడి పరీక్ష చేయించాలేమో అంది.

సింహాచలం స్టూలు మీదే ఉన్నాడు. వింటున్నాడు.

కొందరికి పుట్టుకతోనే అలా ఉంటుందన్నాను. ఇది అనాటమీ క్లాసు, జబ్బులు నీ సిలబస్‌లో లేవన్నాను. గొంతు పెరిగింది. ఆ అమ్మాయి కూర్చుంది.

ఆ మధ్యాహ్నం క్లాసు అయ్యాక, బయట వాన కురుస్తుండగా, బీరువాలోంచి మూడు బ్యాచ్‌ల రికార్డు పుస్తకాలు తీశాను. బల్ల మీద పక్కపక్కన పరిచాను. అదే కుడికన్ను. గీసిన చేతులు వేరు. అయినా మొదటి ఏటి బొమ్మల్లో బిళ్ల నడిమికే పరిమితమైన గుంట, రెండో ఏటికి పెరిగింది, మూడో ఏటికి దాదాపు అంచుదాకా పాకింది. నీటికాసులు, అంటే గ్లకోమా. కంట్లో ఒత్తిడి పెరిగి, నొప్పైనా లేకుండా నరాన్ని తినేసే జబ్బు. పోయిన చూపు తిరిగి రాదు. ముందుగా పట్టుకుంటే ఉన్నది నిలుస్తుంది.

అప్పుడే పిలిచి చెప్పాల్సింది. రేపు ఆసుపత్రికి వెళ్లు సింహాచలం అంటే సరిపోయేది. ఎందుకు అనలేదు? అంటే వెళ్తాడు, జబ్బు బయటపడుతుంది, మూడేళ్లు ఆ కంట్లోకి చూస్తూ ఇదే మామూలు కన్ను అని పాఠం చెప్పిన మాస్టారెవరని ఆ డాక్టరే అడుగుతాడు, మళ్లీ నవ్వుతాడు, ప్రిన్సిపాల్ బల్ల మీదున్న నా ప్రమోషన్ కాగితం అక్కడే ఆగిపోతుంది. ఇంతే. ఒక మనిషి చూపుకు ఎదురుగా నేను తూచింది ఇంతే. వచ్చే వారం చెబుదామనుకున్నాను. ఆ వారం రాలేదు. నిజంగా చెప్పాలనే అనుకున్నానా?

పాత పుస్తకాలు తీసేస్తున్నామని రికార్డులన్నీ కట్ట కట్టించాను. ఆ కట్టను భుజాన వేసుకుని చిత్తుకాగితాలవాడికి ఇచ్చి వచ్చింది సింహాచలమే.

తర్వాతి ఏడాది నుంచి అతన్ని కూర్చోబెట్టలేదు. చార్టులతో సరిపెట్టాను. నాకు ప్రమోషన్ వచ్చింది. స్వీటు పంచిపెట్టింది కూడా అతనే.

రెండేళ్లకు జెట్టీ మెట్టు కనబడక పడ్డాడు. ఆసుపత్రికి తీసుకెళ్తే, చాలా ఆలస్యమైంది, ముందే వచ్చుంటే బాగుండేదన్నారట. మర్నాడు నా గదికొచ్చాడు. కుర్చీ కోసం చేత్తో తడుముకున్నాడు. కూర్చోలేదు.

"సార్, డాక్టర్ సాబ్ ఇది కయీ సాల్ నుంచి, ఎన్నో ఏళ్ల నుంచి ఉందంటున్నాడు. మీరు నా ఆంఖ్‌లో చూసేవోరు కదా. తబ్ ఏమీ లేదు కదా సార్?"

"లేదు," అన్నాను.

"నేనూ అదే చెప్పాను సార్. మా సార్ చూసుంటే చెప్పకుండా ఉంటాడా అన్నాను."

అతని గొంతులో అనుమానం లేదు. నేను వెతికాను. ఉంటే బాగుండునని వెతికాను.

ఇప్పుడు అతని కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమకంట్లో గొట్టంలోంచి చూసినంత మిగిలింది. ఉద్యోగం మానేశాడు. పోయిన నెల చెప్పేద్దామని ఫెర్రీ ఎక్కి బాంబూఫ్లాట్ వెళ్లాను. అతని భార్య పైడమ్మ టీ ఇచ్చింది. ఇంత పెద్ద సార్ మా ఇంటికొచ్చారని పక్కింటివాళ్లను పిలిచింది. అతను నా చెయ్యి పట్టుకుని, వదల్లేదు. టీ తాగి వచ్చేశాను.

గ్రేస్ ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. ఆమెకు మాత్రం తెలుసు. ఆమె మౌనం నేర్చుకున్నది నా దగ్గరే.

నా పేరు రాయలేదు, చూశారా? సింహాచలం పేరు మాత్రం మార్చలేదు. ఎవరైనా గుర్తుపట్టి అతనికి చదివి వినిపిస్తే కాదనను. నా నోటితో చెప్పలేక మీ నోటికి వదలడం కూడా పిరికితనమే, అదీ తెలుసు. క్షమించమని అడగను. అడిగితే అతను వెంటనే క్షమిస్తాడు, అది భరించలేను.

చూశాను. తెలుసుకున్నాను. దాచాను. ఈ మూడు మాటలు ఒకచోట రాయడానికి నాకు తొమ్మిదేళ్లు పట్టింది. రాశాక ఊపిరి కాస్త లోపలిదాకా పోతోంది. అతనికి దీనివల్ల ఒరిగేదేమీ లేదు.