మామగారి తుపాకీ, అత్తగారి ఆముదం

పోయిన వారం స్టేషను నుంచి ఫోనొచ్చింది. ఎన్నికలు రాబోతున్నాయి కాబట్టి లైసెన్సు తుపాకులన్నీ తెచ్చి అప్పగించాలట. ఫోను చేసిన కుర్ర కానిస్టేబులు "సార్ ఉన్నారాండి?" అని అడిగాడు. ఏ సారు అన్నాను. "లైసెన్సు హోల్డరు సారండి" అన్నాడు. ఆ సారు నేనేనని చెబితే, పేరు ఇంకోసారి చెప్పమన్నాడు. నరసరావుపేటలో రిటైరైన తెలుగు టీచరమ్మ పేరు మీద వేట తుపాకీ ఉండటమేమిటని పాపం అతని సందేహం. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ ఆ సందేహం వస్తుంది. పింఛను కోసం బతికే ఉన్నానని ఒక ఆఫీసులోనూ, తుపాకీ కోసం ఎవరినీ చంపలేదని ఇంకో ఆఫీసులోనూ నిరూపించుకోవడంతోనే నా విశ్రాంత జీవితం గడిచిపోతోంది.

మామగారు పోయినప్పుడు ఆ తుపాకీ ఎవరో ఒకరి పేరు మీదికి మారాలన్నారు, లేకపోతే సర్కారుకు ఒప్పగించాలి. మావారు దీపావళికి చిచ్చుబుడ్డి కూడా నా చేతే వెలిగించే మనిషి, ఆయన ససేమిరా అన్నారు. అప్పుడు అత్తగారే, "అమ్మాయ్, నువ్వు తీసుకో. దాని గుణం తెలిసింది మనిద్దరికే గదా" అంది. అమ్ముదామంటే కొనేవాడు లేడు. స్ప్రింగు పోతే వేయించడానికి విడిభాగాలు దొరకవు. అలా అది నా దగ్గరే ఉండిపోయింది. ఫోను పెట్టేసి, వరండాలో పాత పేపర్లు పరిచి, బీరువాలోంచి దాన్ని తీసి విప్పడం మొదలుపెట్టాను. కిరోసిను వాసన తగిలినట్టుంది, లోపలి గదిలోంచి అత్తగారు, "ఇయ్యాల ఆదివారమా?" అని కేకేసింది. గురువారం అని చెప్పాను. ఎనభై దాటిన ఆవిడకు ఇప్పుడు వారాలు గుర్తుండవు గానీ, తుపాకీ తుడిచేది ఆదివారమని మాత్రం గుర్తుంది.

నేను కాపురానికి వెళ్ళిన ఊరు మాచర్ల దాటాక, కొండ అంచున ఉంటుంది. మా వేరుశనగ చేలు ఎక్కడ ఆగిపోతాయో అడవి అక్కడ మొదలవుతుంది. కాయ ఊరే వేళకు పందులు దిగి, రాత్రికి రాత్రే చేను దున్నినట్టు తిరగేసి పోయేవి. ఆ పేరు చెప్పి మా మామగారి తండ్రి ఎప్పుడో ఒక కలప కాంట్రాక్టరు దగ్గర ఆ తుపాకీ కొన్నాడు. సీమ సరుకు, దొరల దేశం నుంచి వచ్చినది. చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్నవన్నీ తూటా తూటాకూ విరిచి నింపే నాటు రకాలు. మాది సెమీ ఆటోమేటిక్. ఒక తూటా పేలగానే దాని దెబ్బకే లోపలి బోల్టు వెనక్కి జరిగి, ఖాళీ తొడుగును బయటికి విసిరేసి, రెండో తూటాను తనంతట తనే ఎక్కించుకుంటుంది. మామగారు ఈ సంగతి చెప్పని చుట్టం లేడు. "రెండోది తలుచుకునే లోపల పడుద్ది" అనేవారు మీసం సవరించుకుంటూ. అప్పటికే వేట నిషేధం వచ్చింది. మా లైసెన్సులో మాత్రం పంట రక్షణ కోసమని రాసి ఉండేది. పంటను రక్షించిన రోజున మా ఇంట్లో కూర ఎక్కువగా ఉండేది, అంతకు మించి నేను చెప్పను.

కొత్త కోడలికి ఏ ఇంట్లోనైనా ముందు వంటిల్లు అప్పగిస్తారు. మా ఇంట్లో నాకు ముందు అప్పగించింది తుపాకీ. మగవాళ్ళు పేలుస్తారు, ఆడవాళ్ళు తుడుస్తారు, అదీ ఆ ఇంటి పద్ధతి. అత్తగారికి ఆవిడ అత్తగారు నేర్పిందట. ఆదివారం మధ్యాహ్నం వాకిలి తలుపు మూసి, నులక మంచం మీద పాత పంచె పరిచి కూర్చునేవాళ్ళం. మేగజీను తీసి, లోపల తూటా లేదని కంటితో చూసి, వేలితో తడిమి, అప్పుడు గానీ ఆవిడ మిగతా పని మొదలుపెట్టనిచ్చేది కాదు. చువ్వకు గుడ్డ చుట్టి గొట్టంలో దూర్చి, గుడ్డ తెల్లగా బయటికొచ్చేదాకా లాగాలి. బోల్టును కిరోసినులో కడిగి ఆరబెట్టాలి. ఆపైన కుట్టు మిషను నూనె, అదీ కోడి ఈకతో, తడి తగిలీ తగలనట్టు. "ఎక్కువైతే దుమ్ము తాగుద్ది, తక్కువైతే అరుగుద్ది. కూరలో ఉప్పేసినట్టు వెయ్యమ్మాయ్" అనేది. నేను బీఏ చదివి వెళ్ళినదాన్ని. తుపాకీలో ఇంత వంట ఉంటుందని నాకేం తెలుసు!

తుడవడం పూర్తయ్యాక తలుపు తీసేవాళ్ళం. అప్పుడు మామగారు తుపాకీని వీధి అరుగు మీదికి తీసుకెళ్ళి, ఒళ్ళో పెట్టుకుని, చేతిలో నూనె గుడ్డతో కూర్చునేవారు. దారినపోయేవాళ్ళు "ఏంది పెద్దయ్యా, తుడుస్తున్నావా?" అని పలకరిస్తే, "మనం చూసుకోకపోతే ఎవరు చూస్తారయ్యా" అనేవారు. లోపల మేము నవ్వు ఆపుకోలేక చచ్చేవాళ్ళం. ఆ రోజుల్లో నాకది నిజంగా నవ్వులాటగానే ఉండేది. అందుకు ఇప్పుడు నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

అత్తగారికి ఒక్కడే తమ్ముడు. తల్లి పోతే చంకన వేసుకుని పెంచింది. అతనికి మా ఊళ్ళోనే పెళ్ళి చేసి, మా చేలో సగం కౌలుకిప్పించి, పక్క వీధిలో కాపురం పెట్టించింది. పొద్దున చేలోకి వెళ్ళేముందు వచ్చి అక్క చేతి మజ్జిగ తాగితే గానీ అతనికి రోజు మొదలయ్యేది కాదు. అందరం చినమామయ్య అనేవాళ్ళం. మంచివాడే గానీ ముక్కు మీద కోపం. గట్టు తగాదాలో ఒకసారి గొడ్డలి పట్టుకుని వీధిలోకి వస్తే, అత్తగారు ఎదురెళ్ళి చెంప మీద ఒకటిచ్చి లోపలికి లాక్కొచ్చింది. ఆవిడ తప్ప అతన్ని ఆపగలిగినవాళ్ళు లేరు.

నేను వెళ్ళిన రెండో ఏడు ఎన్నికలొచ్చాయి. ఎప్పటిలాగే తుపాకులు అప్పగించమన్నారు. పోయినసారి స్టేషను గది కురిసి, తుపాకీ తిరిగొచ్చేసరికి గొట్టం మీద తుప్పు చుక్కలు పడ్డాయి. ఈసారి అలా కాకూడదని మామగారికి పట్టుదల పుట్టింది. ఎన్నడూ లేనిది తనే కొట్టంలోకి వెళ్ళి, బండి కందెన డబ్బా తెచ్చుకుని కూర్చున్నారు. ఆముదంలో గడ్డి మసి కలిపిన నల్లటి ముద్ద అది, బండి ఇరుసుకు పూస్తారు. దాన్ని గుప్పిటతో తీసి తుపాకీ పైనా లోపలా దట్టంగా పట్టించారు. అత్తగారు వద్దంది. బోల్టులోకి పోతే బిగుసుకుంటుందంది. "ఇన్నేళ్ళు ఇరుసుకు పట్టని తుప్పు దీనికి పట్టుద్దా? నీకేం తెలుసే, పో" అన్నారాయన.

ఎన్నికలు అయిపోయి, ఎండాకాలం దాటాక గానీ తుపాకీ చేతికి రాలేదు. అది వచ్చిన రోజునే పిడుగురాళ్ల నుంచి మామగారి స్నేహితుడు, సున్నం బట్టీల ఆయన, ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. సెమీ ఆటోమేటిక్ ఎలా పేలుతుందో కళ్ళతో చూడాలట. మర్నాడు తెల్లవారుతుండగా, చేలో పంది పడిందని చినమామయ్య కబురు తెచ్చాడు. మామగారు పైపైన తుడిచిన తుపాకీ భుజాన వేసుకున్నారు. అత్తగారు గడపలో అడ్డం నిలబడి, నెమ్మదిగానే, "తుడవకుండా తీసకపోమాకండి. ఒక్క గంటాగండి, విప్పి కడిగిస్తాను" అంది. ఆవిడ పక్కనే కాఫీ గ్లాసుల పళ్ళెంతో నేనున్నాను. అతిథులు వింటున్నారు. మామగారి మొహం ఎర్రబడింది. "అడ్డం లే" అని ఒక్కమాట అని, ఆవిణ్ణి భుజంతో పక్కకు తోసి దిగిపోయారు.

చేలో జరిగింది నేను చూడలేదు, తర్వాత కూలీలు చెప్పారు. డప్పులు కొట్టి పందిని గట్టువైపు తోలారు. మామగారు పేల్చిన మొదటి తూటా దాని తొడకు తగిలింది. అది తిరగబడింది. చినమామయ్య దానికి ఎదురుగా ఉన్నాడు, అయినా పరుగెత్తలేదు. బావ చేతిలో రెండో తూటా ఉందన్న ధైర్యం మరి! బోల్టు సగం వెనక్కి జరిగి కందెనలో ఇరుక్కుపోయింది, ఖాళీ తొడుగు బయటికి పడకుండా లోపలే నిలిచిపోయింది. మామగారు ట్రిగ్గర్ నొక్కుతూనే ఉన్నారట. పంది చినమామయ్య కాలిని మోకాలి నుంచి తొడ దాకా చీల్చేసింది. కూలీలు గొడ్డళ్ళతో దాన్ని కొట్టి, అతన్ని ట్రాక్టరు మీద వేస్తుంటే, బట్టీల ఆయన, "ఏందయ్యా, రెండోది పడుద్దంటివి గదా?" అన్నాడట. మామగారు అందరూ వినేట్టు అరిచారు: "మా ఇంటిది ఆముదం పూసి తగలేసిందయ్యా! తుడిచేది అదే గదా!"

అన్నేళ్ళుగా ఆవిడ చేసిన పని ఊరికి తెలియడం అదే మొదలు. కందెనలో ఉండేదీ ఆముదమే కాబట్టి ఆ మాటలో సగం నిజమే, పూసిన చెయ్యి ఒక్కటే మారింది. ట్రాక్టరు మాచర్ల చేరకముందే ఆ మాట ఊరంతా తిరిగింది. చినమామయ్య అది విన్నాకే స్పృహ తప్పాడన్నారు.

ఎవరో తుపాకీని తెచ్చి మా అరుగు మీద పడేసి పోయారు. నేను విప్పి చూశాను. బోల్టు గాడి నిండా నల్లటి కందెన, గడ్డి మసితో సహా గట్టిపడి ఉంది. ఎవరు చూసినా బండి కందెనేనని చెబుతారు. పదిమందినీ పిలుద్దామని లేచాను. అప్పటికే అత్తగారు కిరోసిను గిన్నె తెచ్చుకుని కూర్చుని, ఆ గాడిని కడగడం మొదలుపెట్టింది. ఏడుపు లేదు. ఆదివారం తుడిచినట్టే తుడుస్తోంది.

"ఏంది అత్తయ్యా, మీకేమన్నా పిచ్చా? ఉండనివ్వండి, అందరికీ చూపిద్దాం" అని చెయ్యి పట్టుకున్నాను.

"చూపించి? వాడు బతికి లేచాడనుకో, మీ మామ మీదికి గొడ్డలి తెస్తాడు. వాడి వెనకాల ఒక పార్టీ, ఈయన వెనకాల ఒక పార్టీ. మగోడి తప్పైతే తలకాయలు లేస్తయ్యే. నా తప్పైతే నాలుగు తిట్లతో పోద్ది. చెయ్యి తియ్."

చెయ్యి తీశాను. ఆవిడ కడిగి, ఆరబెట్టి, కోడి ఈకతో మిషను నూనె రాసి బీరువాలో పెట్టింది.

నాలుగు తిట్లతో పోలేదు. చినమామయ్య బతికాడు గానీ ఆ కాలు మళ్ళీ వంగలేదు. బావతో మాట్లాడాడు, కౌలు చేశాడు, మా అరుగు మీద కూర్చుని ఆయనతో చుట్ట కాల్చాడు. అక్కతో మాత్రం మాట మానేశాడు. ఆవిడ పంపిన కూర గిన్నె మూత తియ్యకుండా తిరిగొచ్చేది. అతను మంచాన పడ్డాక ఆవిడ చూడబోతే గోడవైపు తిరిగి పడుకున్నాడు. అలాగే పోయాడు. నేను ఎన్నిసార్లు చెప్పబోయినా, "ఇల్లు రెండు పార్టీలవుతుంది, నా మీద ఒట్టు" అని ఆవిడ నా నోరు నొక్కేసింది. ఆవిడ కోరుకున్నట్టే ఎవరి తలా పగల్లేదు. ఊళ్ళో ఆ బావాబామ్మర్దుల సఖ్యత గురించి గొప్పగా చెప్పుకునేవాళ్ళు.

ఇక మామగారైతే, మొదట్లో ఆ ప్రస్తావన వస్తే చూపు తిప్పుకునేవారు. తర్వాత తర్వాత తనే ఎత్తుకుని చెప్పడం మొదలుపెట్టారు. చెప్పగా చెప్పగా కథకు వన్నె వచ్చింది. ఆముదం గిన్నె ఏ రంగుదో, తను ఎంత వారించారో కూడా వచ్చి చేరాయి. చివరికి ఆస్పత్రి మంచం మీద, "పిచ్చిది, తెలియక చేసింది, నేనెప్పుడో క్షమించాను" అని డాక్టరుతో అన్నారు. అత్తగారు ఆయన కాళ్ళ దగ్గరే ఉంది. ఆయన అబద్ధం చెబుతున్నారని ఆ మొహంలో ఎక్కడా లేదు, నిజంగానే నమ్మేశారు. ఆ క్షణాన నాకు కలిగినంత అసహ్యం జీవితంలో ఇంకెవరి మీదా కలగలేదు. పోయినవాళ్ళ గురించి అలా అనకూడదంటారు. నేను అంటాను.

మొన్న గురువారం సంగతి చెబుతున్నాను కదా. నేను బోల్టు తుడుస్తుండగా అత్తగారు గోడ పట్టుకుని మెల్లగా వచ్చి నా పక్కన కూర్చుంది. దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మాయ్, ఆ రోజు నేను దీనికి ఆముదం ఎందుకు పూశానంటావు?" అంది.

ఎగతాళికి అంటోందనుకున్నాను. కళ్ళలోకి చూస్తే ఎగతాళి లేదు.

"మీరు పూయలేదత్తయ్యా. మామయ్య కందెన పూశారు. మీరు వద్దన్నారు. తీసకపోమాకండని గడపలో అడ్డం నిలబడ్డారు. నేను మీ పక్కనే ఉన్నాను."

"ఊరుకోవే. నా మీద ప్రేమ కొద్దీ చెప్తున్నావు. నేను చెయ్యకుండానే నా తమ్ముడు అన్నేళ్ళు మాట్లాడకుండా పోతాడా? చానా పాపం చేశాను. వాడి కాలు నేనే తీశాను."

మళ్ళీ చెప్పాను. పిల్లల మీద ఒట్టేసి చెప్పాను. గొంతు పెంచి, బడిలో పాఠం చెప్పినట్టు మొదటి నుంచీ చివరిదాకా చెప్పాను. ఆవిడ అంతా విని, నన్నే ఓదారుస్తున్నట్టు నా చేతి మీద తట్టింది. ఇన్నేళ్ళూ ఆ నింద తనది కాదని లోపల తెలిసి మోసింది, ఆ తెలివిడి ఒక్కటే ఆవిడకంటూ మిగిలింది. ఇప్పుడు అదీ లేదు. నిలకడ మీద నిజం తేలుతుందని ముప్ఫై ఏళ్ళు క్లాసులో పిల్లలకు చెప్పుకుంటూ వచ్చాను. మా ఇంట్లో మాత్రం కాలం కూడా మామగారి పార్టీలోనే చేరిపోయింది.