గాజు భార్య, ఇల్లు మోసే భార్య

బైండరుకు చదువు బడిలో అబ్బలేదు. బైండింగు బల్ల మీద అబ్బింది. అచ్చయి వచ్చిన కాగితాలను పదహారేసి పేజీల ఫారాలుగా మడిచి, దొంతరలుగా పేర్చి, వరసగా ఒక్కొక్కటి తీసి పుస్తకంగా కూర్చడం అతని పని. కూర్చినదాన్ని కుట్టడం బల్లకు అవతల కూర్చునే అతని భార్య పని. ఎనిమిదేళ్లుగా అంతే. చేయి ఫారం మీద, కన్ను అక్షరం మీద. అలా చదివిన పుస్తకాల్లో సగానికి మొదలు తెలియదు, సగానికి చివర తెలియదు. అయినా తనంత చదివినవాడు ఆ వీధిలో లేడని అతని ధీమా.

ఆ శుక్రవారం అతనికి కాలు ఒకచోట నిలవలేదు. పక్క వీధి ప్రెస్సువాళ్లు కుట్టు పనంతా చూసుకోవడానికి అతని భార్యను రమ్మన్నారు. సాయంత్రంలోగా ఏదో ఒక మాట చెప్పాలి. వెళ్లొద్దని అతనికి పెదాల దాకా వస్తోంది. కానీ సోమవారం ఆమె ఏదో తప్పు చూపిస్తే, "నీ పని కుట్టడం. బుర్ర పెట్టకు" అన్నది అతనే. ఆనాటి నుంచి ఆమె పనికి తప్ప నోరు విప్పలేదు.

అడగాల్సింది అడగలేక కథలు అందుకున్నాడు.

"ఈ పుస్తకంలో రెండు కథలున్నాయి. ఒకదాంట్లో భార్య రోజుకింత గాజైపోతుంటుంది. మొగుడు కిటికీలు మూసేస్తాడు, మెత్తటి గుడ్డతో తుడుస్తాడు, పగులుతుందేమోనని పలకరించడం కూడా మానేస్తాడు. రెండోదాంట్లో భార్య ఇంటిని వీపు మీద మోసుకుంటూ నడుస్తుంటుంది. మొగుడు లోపల మంచం మీద పడుకుని, కాఫీ ఎందుకు ఒలుకుతోందని విసుక్కుంటాడు."

"ఊఁ."

"మొదటివాడిది ప్రేమే. చేతకాని ప్రేమ. రెండోవాడు వట్టి వెధవ."

ఆమె సూదిలో దారం ఎక్కించింది. "ఇద్దరూ ఒకడే."

"ఎలా ఒకడు? వీడు ఆమె కోసం ఊపిరి బిగబట్టాడు. వాడు మంచం దిగలేదు."

"ఏమైందే నీకు అని తుడిచేవాడు అడిగాడా? పడుకున్నవాడు అడిగాడా? గాజుదానికి నడుం నొప్పి లేదు, అంతే తేడా."

"నువ్వెప్పుడు చదివావు?"

"నీకొక్కడికే కళ్లున్నాయా?" కుట్టిన పుస్తకం ఒకటి అతని ముందుకు తోసింది. "ఇది చూడు. ఇందులో నిజంగానే ఇద్దరూ ఒకడైపోయారు."

అతను తెరిచాడు. గాజు భార్య భుజం తుడుస్తున్న మొగుడు, పక్క పేజీకి వచ్చేసరికి మంచం మీద నుంచి "మెల్లగా నడవలేవా" అంటున్నాడు. బైండరుకు అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున చదువుకుందామని ఐదో ఫారం దొంతరను ఒళ్లోకి తీసుకుని, తిరిగి పెట్టేటప్పుడు ఆరోదానికి అవతల పెట్టాడు. నాలుగు తర్వాత ఆరు, ఆ తర్వాత ఐదు. ఆమె అప్పటికే నూట ఎనభై పుస్తకాలు కుట్టేసింది.

"ఎప్పుడు చూశావు?"

"మూడో పుస్తకం దగ్గర."

"మరి నోరు తెరవవేం?"

"బుర్ర పెట్టొద్దన్నావుగా. పెట్టలేదు."

కోపం తలకెక్కింది. ఎవరి మీద దించాలో తోచక లేచి కిటికీ దాకా వెళ్లాడు, వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. ఇన్ని పుస్తకాలు చదివినవాడికి రెండు ముక్కలు కూడబలుక్కోవడానికి అంతసేపు పట్టింది.

"సోమవారం అన్నది తప్పే. నువ్వు వెళ్లకు."

"మొదటి ముక్క కోసం ఇవాళ్టిదాకా ఆగాను," అందామె. "రెండోది మాత్రం వినను. తప్పు కనబడితే చెప్పమనే వాళ్లు నన్ను పిలిచారు."

"మరి ఇంటికి?"

"ఇంటికి రాక ఎక్కడికి పోతాను? నా బట్టలన్నీ అక్కడే ఉన్నాయి."

ఇద్దరూ బ్లేళ్లు తీసుకుని కుట్లు కోయడం మొదలుపెట్టారు. ఫారాలు సరిచేసిన మొదటి పుస్తకాన్ని అతను బల్ల మీదుగా ఆమె వైపు జరిపాడు. "కుట్టేముందు ఒకసారి చూడు."

ఆమె వేలితో నాలుగు, ఐదు, ఆరు లెక్కపెట్టింది. "బాగుంది."

అలా పదో పన్నెండో చూసింది. సాయంత్రం ఐదు కాగానే చెప్పులేసుకుని పక్క వీధి ప్రెస్సుకు మాట చెప్పడానికి వెళ్లింది. మిగిలినవాటిని అతను ఒక్కోదాన్నీ రెండేసిసార్లు తనే చూసుకున్నాడు, అయినా నమ్మకం కుదరలేదు.