మొండయ్య హస్తవాసి

మడికొండ చుట్టుపక్కల ఏ పంది ఈనలేక అవస్థ పడినా మొండయ్యకే కబురొచ్చేది. అడ్డం తిరిగిన పిల్లను లోపలికి చెయ్యి పెట్టి సుతారంగా లాగడంలో ఆయనకు సాటి లేదు. ఆ పేరు ఆయనకు బాగానే తలకెక్కింది. హస్తవాసి అంతా తన కుడిచేతిలోనే ఉందనీ, పనికి ముందు కడిగితే అది నీళ్లతోపాటు కొట్టుకుపోతుందనీ గట్టిగా నమ్మేవాడు. బువ్వ తినేముందైనా చెయ్యి కడిగేవాడు గానీ, పంది దగ్గరికి మాత్రం ఏ మట్టిలో ఉన్న చెయ్యి ఆ మట్టితోనే వెళ్లేది.

పందొమ్మిది వందల అరవై మూడులో ఆయన సొంత పంది ఈనింది. ఆ ఇంటికి ఆస్తి అంటే అదే. ఎనిమిది పిల్లల్లో చివరిది ఇరుక్కుంటే మొండయ్యే లాగి, ఆ సంగతి వాడంతా చెప్పుకున్నాడు. మూడో రోజుకు పంది కుడితి ముట్టలేదు. ఒళ్లు కాలిపోతోంది. వెనక నుంచి చీము కారి, కంపుతో దగ్గర నిలబడలేకపోతున్నారు. పాలు ఎండిపోయి పిల్లలు గీపెడుతున్నాయి. మొండయ్య దిష్టి తీశాడు. మరునాడు మళ్లీ తీశాడు. ఇక భార్య మల్లక్క ఊరుకోలేదు.

"నీ చెయ్యి గొప్పలు తర్వాత చెప్పుకుందువు గని, హన్మకొండ పోయి పసుల డాక్టర్ను తోల్కరా."

డాక్టర్ కిషన్ రావు సైకిలు మీద వచ్చాడు. పందిని చూశాడు, ఆ తర్వాత మొండయ్య గోళ్లు చూశాడు.

"పిల్లను గుంజింది ఎవలు?"

"నేనే సారూ," అన్నాడు మొండయ్య రొమ్ము విరుచుకుని.

"చెయ్యి కడిగినవా?"

"కడుగుతే వాసి పోదా సారూ?"

నవ్వాలో తిట్టాలో డాక్టరుకు తోచలేదు. "నీ గోళ్ల మురికిల రోగం పుట్టిచ్చే పురుగులుంటయ్, కంటికి కనబడయ్. అవి గర్భసంచిలకు పోయి చీము పట్టిచ్చినయ్. దీనికి రోగం పెట్టింది నువ్వే."

పురుగుల్ని చంపే లాల్ దవా కలిపిన గోరువెచ్చని నీళ్లతో గర్భసంచి కడిగి, పెన్సిలిన్ సూది వేశాడు. అట్లా నాలుగు రోజులు. మల్లక్క పిల్లలకు గుడ్డపీలికతో మేకపాలు పట్టింది. రెండు పోయాయి, ఆరు దక్కాయి. అయిదో రోజు పంది లేచి కుడితిలో మూతి పెట్టేసరికి మొండయ్యకు ఏడుపు ఆగలేదు. మల్లక్క ఓదార్చలేదు, చేతికి సబ్బుబిళ్ల ఇచ్చింది.

నెల తిరక్కముందే పక్క వాడ నుంచి ఎల్లస్వామి పరుగెత్తుకొచ్చాడు. అతని పందికీ పిల్ల ఇరుక్కుంది. మొండయ్య వెళ్తూనే వేడినీళ్లు, సబ్బు అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్లు మొహాలు చూసుకున్నారు.

"జర ఆగు మామా," అని ఎల్లస్వామి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "కడిగిన చెయ్యి నాకు లేదా? నీ వాసి కోసమే గదా నిన్ను పిలిసింది."

నిజం చెబితే ఇన్నేళ్ల పేరు మట్టిలో కలుస్తుంది. చెప్పకపోతే వీడు కడగనివ్వడు. మొండయ్య తల వంచుకునే అడిగాడు.

"పోయినేడు నేను పిల్లను గుంజిన నీ పెద్దపంది ఎట్ల సచ్చింది అల్లుడా?"

"ఈనిన వారానికి జొరమొచ్చి సచ్చింది. దాని రాత."

"రాత గాదు. నా చెయ్యే."

ఎల్లస్వామి పట్టుకున్న చెయ్యి వదిలేశాడు. తర్వాత ఇంట్లోకి తిరిగి, "నీళ్లు మంచిగ కాగనియ్యుండ్రి," అన్నాడు.