మంచానికి చుట్టిన రాగితీగ

జనగామలో నేను పనిచేసే బడికి పోయే దారిలో మోటారు వైండింగ్ షాపు ఒకటుంది. ఎండలు ముదిరి బోర్లు అడుగంటే రోజుల్లో కాలిపోయిన మోటార్లు ట్రాక్టర్లకెక్కి వచ్చి దాని ముందు వరసగా పడి ఉంటాయి, లోపలినుంచి మాడిన వార్నిష్ వాసన రోడ్డంతా కమ్ముకుంటుంది. అందరూ ముక్కు మూసుకొని పోతారు. నాకు మాత్రం నడక మందగిస్తుంది. ఈ వయసులో దేనికోసమూ ఆగే ఓపిక లేదు గానీ ఆ వాసన వచ్చిందంటే మా తండా, మా కాకా, దాది మంచం ఒకదాని వెనక ఒకటి వచ్చి ఎదురుగా నిలబడతాయి.

మాది గార్ల దగ్గర ఒక లంబాడా తండా. ఇంట్లో మా మాట వేరు. అమ్మను యాడి అంటాం, నాయనమ్మను దాది అంటాం, రొట్టెను బాటి అంటాం. బడిలో ఆ మాటలు నోరు జారితే పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు, కేసముద్రం మార్కెట్లోనైతే పెద్దవాళ్లు కూడా నవ్వేవాళ్లు, అందుకని తండా దాటగానే అందరం తెలుగులోకి మారిపోయేవాళ్లం. ఇప్పుడిది రాస్తున్నదీ తెలుగులోనే. మావాళ్లు ఇంట్లో అన్న మాటలను కూడా తెలుగు చేసే చెప్పుకోవాల్సి వస్తోంది.

వానలు పడి చేలు పచ్చబడ్డాక తీజ్ పండుగ వచ్చేది. పెళ్లికాని పిల్లలం వెదురు బుట్టల్లో పుట్టమన్ను నింపి గోధుమలు చల్లి, పొద్దునా సాయంత్రం నీళ్లు పోస్తూ పాటలు పాడేవాళ్లం, ఆ మొలకలు జానెడు లేచేసరికి ఇంటింటా రొట్టెల్లో బెల్లమూ నెయ్యీ కలిపి నలిపిన చుర్మో వాసన వచ్చేది. చలికాలంలో మిర్చి కల్లాల ఘాటుకు తండా మొత్తం తుమ్ముతూ నిద్రలేచేది. ఎండాకాలం చాపలమీద ఎండే ఇప్పపూల తీపి వాసనకు తలనొప్పి వచ్చేది, అయినా ఆ చాపల చుట్టే దాగుడుమూతలు ఆడేవాళ్లం. అన్ని కాలాల్లోనూ గుడిసె ముందు నులకమంచం మీద దాది కూర్చొని గుడ్డకు అద్దాలు కుడుతూ ఉండేది.

ఒకసారి పత్తి అమ్మడానికి కేసముద్రం పోయిన కాకా, అంటే మా నాయిన తమ్ముడు, సబ్బుపెట్టెంత రేడియో ఒకటి జేబులో పెట్టుకొచ్చాడు. పగలు దగ్గరి స్టేషన్లు పలికేవి. పొద్దు వాలాక మాత్రం ఎక్కడెక్కడి భాషలో గరగరల మధ్య నుంచి తేలివచ్చేవి. దాది అద్దాలు కుడుతూనే అన్నీ విని ఒక సాయంత్రం సూది ఆపింది.

"గీ డబ్బల తెలుగొస్తది, ఉర్దూ ఒస్తది, మరాఠోళ్లదొస్తది. మరి మనదేడ ఒస్తదిరా?"

కాకా స్టేషన్లు మార్చే గిర్రను ఆ కొస నుంచి ఈ కొస దాకా తిప్పి చూశాడు. "జర ఆగు యాడీ, దేవులాడుత" అన్నాడు. ఆ మాట ఊరికే అనలేదని తర్వాత తెలిసింది. బతికుండగా ఒక్కసారి తన మాట ఆ డబ్బాలోంచి వినాలన్న కోరిక దాదికి పట్టుకుంటే, వినిపించాలన్న పిచ్చి కాకాకు పట్టుకుంది.

ఎద్దుల మీద ఉప్పు బస్తాలేసుకొని మార్వాడ్ దిక్కు నుంచి వచ్చినవాళ్లమని మా పెద్దలు చెప్పుకునేవారు. మన మాటంటూ గాలిలో ఉంటే అటునుంచే రావాలని కాకా లెక్క. కత్తిమొన కాల్చి, అతుకులు కరిగించి రేడియో డొప్ప విప్పాడు. లోపల వెంట్రుకంత తీగ చుట్టిన వేలెడు నల్లటి కడ్డీ ఉంది. అదే రేడియోకు చెవి అన్నాడు. దాన్ని పీకి, చెడిపోయిన పెద్ద రేడియోలోని పొడుగు కడ్డీ పెట్టాడు. అది డొప్పలో పట్టక బయటికి పొడుచుకొస్తే దారంతో కట్టాడు, తీగచుట్టను అటొకింత ఇటొకింత జరిపి, మాట బాగా పలికినచోట కొవ్వొత్తి మైనం కరిగించి అతికాడు.

అదీ చాలలేదు. దాది మంచం నులక విప్పేసి, ఆ చట్రాన్ని గుడిసె ముందు నిలబెట్టి, మా చేనులో కాలిపోయిన మోటారు నుంచి లాగిన రాగితీగను వేలెడు ఎడంతో చుట్టూ చుట్టాడు. తీగ రెండు కొసలనూ ఆ చెడిపోయిన రేడియోలోని, స్టేషన్లు మార్చే గిర్రకు కలిపాడు. మంచానికీ చిన్న రేడియోకీ మధ్య ఏ తీగా లేదు, ఊరికే దగ్గర పెట్టి గిర్ర తిప్పితే చాలు, అప్పటిదాకా గొణిగిన గొంతు గబుక్కున లేచి మాట్లాడేది. మంచాన్ని ఏ దిక్కుకు తిప్పితే ఆ దిక్కు స్టేషన్లు పలికేవి. తిప్పే పని నాదే.

"నా మంచం గుంజుకొని గాలిని పండవెట్టినవ్ గదరా" అని దాది రోజూ సణిగేది. సణుగుతూనే కింద గొంగడి పరుచుకొని పడుకునేది.

వానాకాలమంతా ఉరుముల చప్పుడు తప్ప ఏమీ దొరకలేదు. చలి ముదిరాక ఒక తెల్లవారుజామున, యాడి పొయ్యి రాజేస్తుండగా, రేడియోలో ఒక ఆడమనిషి పాట మొదలైంది. అలలాగా లేస్తూ పడుతూ ఉంది. అందులో 'పాణి' అంది, 'ఘర్' అంది. మా నీళ్లూ మా ఇల్లూ కూడా అవే. దాది లేచి కూర్చుంది, కొంగు సర్దుకుంది, ఇంటికొచ్చిన చుట్టానికి మొక్కినట్టు ఆ డబ్బాకు రెండు చేతులూ జోడించి "రామ్ రామ్" అంది. అంత సంతోషం ఆమె ముఖంలో నేను అంతకుముందు చూడలేదు, తర్వాత ఎవరి ముఖంలోనూ చూడలేదు.

కొన్నాళ్లకు ఆ గొంతు సన్నబడింది. చెవిలో పెట్టుకునే తీగ తగిలిస్తే మెరుగని కాకా అది తగిలించాడు. అప్పటినుంచి రేడియో దాదికొక్కదానికే వినపడేది, విన్నది ఆమె మాకు చెప్పేది. పొద్దున్నే తండా పిల్లలం చద్ది రొట్టెలు చేతబట్టుకొని ఆమె చుట్టూ చేరి "ఇయ్యాల ఏం చెప్పిర్రు?" అని అడిగేవాళ్లం. దూడను దాచుకొని దానితోపాటు తానూ గడ్డివాములో దాక్కున్న పిల్ల సంగతి చెప్పింది. కరువులో పశువులను తోలుకుపోతూ, జ్వరమొచ్చిన చిన్నకూతుర్ని దారిలో ఒక బాయి పక్కనున్న కుమ్మరి ఇంట్లో వదిలి, వానలు పడ్డాక తిరిగొస్తే ఆ దారే గుర్తుపట్టలేకపోయిన తల్లి సంగతి చెప్పింది. అది చెబుతూ మధ్యలో ఆగి చెవి తీగ సరిచేసుకుంది. మళ్లీ మర్నాడు ఆ పిల్ల దొరికిందా అని అడిగితే, "ఇంక చెప్పలే" అంది.

ఆ పై వానాకాలం దాది పోయింది. రాగితీగ విప్పి పాత సామాన్లవాడికి వేశారు. నేను హాస్టల్లో చేరాను, ఉద్యోగం, పెళ్లి, జనగామ. దూరపు స్టేషన్లు ఒక్కొక్కటే మూగబోయాయి. ఉన్నవాటిని కూడా వీధిలోని బల్బులూ చార్జర్లూ కలిసి రేడియోలో గీపెట్టే రొద మింగేస్తోంది. మా మాటలో పాటలిప్పుడు ఫోన్లో ఎన్నంటే అన్ని. నా పిల్లలకు వాటిలో ఒక్క ముక్క అర్థం కాదు, నాకే కొన్ని మాటలు తట్టక తికమక పడతాను. నేర్పాల్సిన రోజుల్లో ఓపిక లేకపోయింది, ఇప్పుడు అసలే లేదు.

మధ్యలో ఒకసారి రైలులో మార్వాడ్ నుంచి వచ్చిన కుటుంబం నా ఎదుట కూర్చుంది. పొద్దంతా చెవులు రిక్కించినా నీళ్లు, ఇల్లు, రొట్టె తప్ప నాకేమీ అందలేదు. మరి దాదికి అంత పెద్ద కథలు ఎలా అందాయి? ఆ అనుమానం ఏళ్ల తరబడి మోసి, మొన్న భూపాలపల్లి పోయినప్పుడు కాకాను అడిగాను. బొగ్గుగనిలో పనిచేసే కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఆ ఇంట్లోనూ ఇప్పుడు తెలుగే.

"గా స్టేషన్ ఎన్నడో పోయింది బిడ్డా, మల్ల దొర్కలే" అన్నాడు. "ఆమె చెవుల ఉన్నది ఉత్త గరగరనే. బంద్ జేద్దామని చెయ్యి వెడితే నా చెయ్యి వట్టి ఆపింది. గవన్నీ ఆమె ముచ్చట్లే."

"మరి బాయి కాడ ఒదిలేసిన పిల్ల?"

"ఆమె చెల్లె కావచ్చు. అడుగుతె చెప్పుడు ఆపుతదని భయపడ్డ. పేరు గూడ చెప్పింది, మంచం అవతలున్న నాకు ఇనవడలే. నువ్వు పక్కనే కూసున్నవ్ గద, ఏం పేరు?"

కాకా నా ముఖంలోకే చూస్తున్నాడు. విన్నాను, నిజమే. రేడియోలో ఎవరో పిల్ల పేరు కదా అని ఆ పొద్దునే మరిచిపోయాను.