మెట్ల కింద ఉన్న కుర్చీ

ఏడేళ్ళుగా ఒక అబద్ధం నాతో పాటే లేస్తోంది, నాతో పాటే వంటింట్లోకి వస్తోంది. పెద్ద అబద్ధమేం కాదు. రెండు ముక్కలు. అంతకంటే పెద్దవి చాలామంది ఆడి ఉంటారు, ఆడి మరచిపోయి ఉంటారు. నాకెందుకో మరపు రాలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. మా ఆయనకు కూడా ఇంతవరకు చెప్పలేదు.

మేం కోరుట్లలో ఉంటాం. ఆయనకు జగిత్యాలలో ఉద్యోగం, పొద్దున ఏడింటి బస్సుకు వెళ్ళిపోతారు. మా మామగారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మూడేళ్ళు అలాగే ఉన్నారు. ఆయన కోసం ఒక ఇనుప మంచం, ఒక చక్రాల కుర్చీ కొన్నాం. పొద్దంతా ఆ కుర్చీలో కూర్చుని వాకిట్లోకి చూసేవారు. బాగున్న ఎడమ చేత్తో కుర్చీ చేతి మీద రెక్సిన్‌ను గోటితో గీకుతూ ఉండేవారు. అది చిరిగి లోపలి స్పాంజి బయటికి వస్తే నేను కుట్టాను. ఇంట్లో ఆకుపచ్చ దారం ఒక్కటే ఉంది. దానితోనే దగ్గర దగ్గరగా, అడ్డంగా, నిలువుగా.

ఆయన్ని మంచం మీది నుంచి ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టడం నా వల్ల అయ్యేది కాదు. మనిషి భారీ. ఆ పని రాజేశం చేసేవాడు. మా వెనక వీధిలో ఉంటాడు. తెల్లవారుజామున చెట్లెక్కి కల్లు తీసి, దిగి, సైకిలు మీద ఇంటికి పోతూ మా గడప ముందు ఆగేవాడు. "వదినా, మామను లేపుదామా?" అనేవాడు. రెండు చేతులూ మామగారి చంకల కింద పెట్టి, పసిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తి కుర్చీలో దించేవాడు. కాళ్ళు సర్ది, చక్రాల బ్రేకు చూసి, వెళ్ళిపోయేవాడు. కూర్చోమన్నా కూర్చునేవాడు కాదు. ఇలా రెండేళ్ళకు పైగా. మేం పిలిస్తే వచ్చింది మొదటి రోజే. ఆ తర్వాత మేం పిలవలేదు, అతను మానలేదు.

మామగారు పోయారు. దినాలయ్యాక మంచాన్ని మేడ మీద పెట్టాం. కుర్చీని మడిచి, పాత దుప్పటి కప్పి, హాల్లో మెట్ల కింద పెట్టాను.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పుకోవాలి. సాకు చెప్పడానికి కాదు. లేదా సాకేనేమో, మీరే చూడండి. మూడేళ్ళు నేను రోజూ పక్కబట్టలు చేత్తో ఉతికాను. వేసవిలో రెండు పూటలా. వేళ్ళ సందులు నీళ్ళకు నాని పాసి, పచ్చడి కలిపితే మంట పుట్టేది. ఆ రోజుల్లో ఒకటే అనుకునేదాన్ని. ఇదంతా అయ్యాక నాకంటూ ఒక వాషింగ్ మెషీన్ తెచ్చుకోవాలి అని. మామగారు పోయిన నాలుగైదు నెలలకు ఫోన్లో మంచం, కుర్చీ ఫోటోలు అమ్మకానికి పెట్టాను. జగిత్యాలలో పాత సామాన్ల దుకాణం నడిపే ఒకాయన ఫోన్ చేశాడు. రెండూ ఇస్తే, బాగా నడిచే సెకండ్ హ్యాండ్ మెషీన్ ఒకటి ఇస్తానన్నాడు. ఒట్టి మంచమైతే వద్దన్నాడు. కుర్చీ ఉంటేనే బేరం.

ఆ వానాకాలంలోనే రాజేశం పడ్డాడు. చెట్టు తడిసి ఉంది, కాలు జారింది. వెన్ను దెబ్బతిన్నది. కరీంనగర్ దవాఖానాలో నెల రోజులుంచి ఇంటికి పంపించారు. నడుము కింద స్పర్శ లేదు. మా ఆయన, నేను వెళ్ళి చూసి వచ్చాం. నేను ఏడ్చాను కూడా. ఆ ఏడుపు నిజమే. ఎవరైనా నమ్ముతారా? నాకే నమ్మకం లేదు.

అతను ఇంటికి వచ్చిన నాలుగో రోజు, మధ్యాహ్నం, అతని భార్య లక్ష్మి మా ఇంటికి వచ్చింది. బీడీలు చుట్టే చాట పక్కింట్లో పెట్టి వచ్చిందట, కొంగుకు ఇంకా తంబాకు వాసన. లోపలికి రమ్మంటే గడప మీదే కూర్చుంది. నేను హాల్లో నిలబడి ఉన్నాను. నా వెనకే మెట్లు. మెట్ల కింద కుర్చీ.

"అక్కా, మామ కూసునే బండి ఉన్నది గదా," అంది. "గా బండి జర ఇస్తవా? డాక్టర్లు గాయనను కూసోబెట్టుమన్నరు. మంచంల పన్నకాడ్నే ఉంటె వీపుకు పుండ్లు పడ్తయట."

జగిత్యాల ఆయనతో మాట అయి అప్పటికి రెండు రోజులు. ఆమె నోటి నుంచి మాట పూర్తయ్యేలోపు నా బుర్రలో ఎన్ని తిరిగాయో చెప్తే మీరు అసహ్యించుకుంటారు. ఉత్తగా ఇస్తే మెషీన్ పోతుంది. డబ్బు అడగడానికి నోరు రాదు. ఇస్తే మళ్ళీ తిరిగి వస్తుందా? ఎన్నేళ్ళకు? ఆ ముసలాయన బట్టలు ఉతికినందుకు నాకు దక్కేది ఇదొక్కటే కదా. అది నా కూలి. ఇలా అనుకున్నాను. అతను రెండేళ్ళు ఎత్తి దించినందుకు కూలి ఎవరిచ్చారు? ఆ ప్రశ్న అప్పుడు రాలేదు. రాలేదా, రానివ్వలేదా?

"అయ్యో లక్ష్మీ, గా బండి లేదు. ఇచ్చేసినం," అన్నాను.

"ఎవలకక్కా?"

"సిరిసిల్లల మా ఆడబిడ్డ ఇంటిపక్కన ఒక ముసలాయనకు."

లక్ష్మి ముఖంలో నిరాశ కనిపిస్తుందని ఎదురుచూశాను. అది కనిపించి ఉంటే నాకు కొంత సులువయ్యేదేమో. ఆమె తలూపింది.

"మంచి పని చేసిండ్రక్కా. పుణ్యముంటది. గాయనకు అక్కర తీరినంక మల్ల ఇస్తరేమో, జర అడుగుతవా?"

"అడుగుత."

ఆమె లేచింది. లేస్తూ లోపలికి చూసిందో లేదో నాకు తెలియదు. నేను మాత్రం ఒక అడుగు పక్కకు జరిగి మెట్లకు అడ్డం నిలబడ్డాను. ఎన్నిసార్లు గుర్తుచేసుకున్నా నా మాటల కంటే ఆ అడుగే నన్ను ఎక్కువ సిగ్గుపడేలా చేస్తుంది. మాట నోరు జారిందని అనుకోవచ్చు. కాలు జారి పక్కకు పోదు కదా.

లేదని చెప్పాను కనుక ఇక అది ఇంట్లో ఉండకూడదు. మర్నాడే ట్రాలీ ఆటో మాట్లాడాను. మిట్టమధ్యాహ్నం, వీధిలో అందరూ తలుపులు వేసుకున్నప్పుడు, కుర్చీకి దుప్పటి చుట్టి తాడు కట్టి మంచం కింద పెట్టి పంపించాను. అదే ఆటోలో సాయంత్రానికి మెషీన్ వచ్చింది. మా ఆయన చూసి "మంచిగున్నది," అన్నారు. కుర్చీ అడగడానికి లక్ష్మి వచ్చిందని నేను చెప్పలేదు.

వారం తర్వాత లక్ష్మి దారిలో కనిపించి "ఏమన్నరక్కా?" అని అడిగింది. "ఇంక వాడుతున్నరట," అన్నాను. సిరిసిల్లలో లేని ముసలాయనకు అలా ఆయుష్షు పోశాను. ఆమె "పోనీ తీయ్, బతకనీ," అంది.

రాజేశానికి వీపు మీద పుండ్లు పడ్డాయి. డాక్టర్లు చెప్పినట్టే. ఒకటి లోతుకు పోయి చీము పట్టింది. మళ్ళీ దవాఖానా, మళ్ళీ జ్వరాలు. బతుకుతాడో లేదో అన్నారు కొన్నాళ్ళు. ఆ రోజుల్లో మా ఇంట్లో మెషీన్ తిరుగుతుంటే నేను వెళ్ళి వెనక గదిలో కూర్చునేదాన్ని. దానిని వాడటం మానేశానా? లేదు. నిజం చెప్పాలి కదా. వాడాను.

అతను ఇంటికి తిరిగి వచ్చాడని తెలిసి పండ్లు పట్టుకుని వెళ్ళాను. వాకిట్లో, రేకుల నీడలో, రాజేశం చక్రాల కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. కుర్చీ కొత్తది కాదు. దాని చేతి మీద ఆకుపచ్చ దారం కుట్టు.

నా చేతిలో సంచి అలాగే ఉండిపోయింది.

"జగిత్యాలల తెచ్చిన అక్కా, పాతదే," అంది లక్ష్మి వెనక నుంచి. "నా బీరువ ఇచ్చి తెచ్చిన."

లోపలికి చూశాను. బీడీల మీద పోగేసి తన కోసం కొనుక్కున్న బీరువా అది. ఎన్నోసార్లు నాకు తెరిచి చూపించింది. అది ఉన్న చోట గోడ మీద సున్నం ఇంకా కొత్తగా, నిలువుగా కనిపిస్తోంది. బట్టలన్నీ ఒక అట్టపెట్టెలో ఉన్నాయి.

ఇందులో వింతేముంది? చుట్టుపక్కల పాత చక్రాల కుర్చీలు దొరికే దుకాణం అదొక్కటే. నేను అక్కడ అమ్మితే, కావలసిన వాళ్ళు అక్కడికే పోతారు. ఈ చిన్న సంగతి నాకు ముందే తట్టలేదు. దూరం పంపించాననే అనుకున్నాను.

రాజేశం బొటనవేలితో ఆ కుట్టు మీద మెల్లగా రాస్తున్నాడు. రెండేళ్ళు రోజూ మా మామగారిని ఎత్తి ఆ కుట్టు పక్కనే దించిన మనిషి. అతనికి తెలియదని నేను ఎలా అనుకోగలను?

"కుట్టు గట్టిగ ఏసిండ్రు వదినా," అన్నాడు.

ఎత్తిపొడుపు లేదు. కోపం లేదు. ఉంటే బాగుండేది. నేను పండ్ల సంచి గడప మీద పెట్టి, పొయ్యి మీద పాలున్నాయని చెప్పి వచ్చేశాను. పొయ్యి మీద ఏమీ లేదు. అది నాలుగో అబద్ధమో ఐదోదో.

తర్వాత వాళ్ళు నన్ను ఏమీ అనలేదు. వీధిలో ఎవరితోనూ అనలేదు. లక్ష్మి ఇప్పటికీ అక్కా అనే పిలుస్తుంది, బతుకమ్మకు నా పక్కనే ఆడుతుంది. ఒకటే తేడా. ఆ రోజు తర్వాత ఆమె నన్ను ఏదీ అడగలేదు. చాయ్‌పత్తా అయిపోతే మూడిళ్ళు దాటి పోతుంది. మా ఇల్లు దాటే పోతుంది.

రాజేశం ఇంటి ముందు గదిలో చిన్న దుకాణం పెట్టుకున్నాడు. కుర్చీలో కూర్చునే సబ్బులు, బిస్కెట్లు అమ్ముతాడు. నేను రోజూ ఏదో ఒకటి కొంటాను. మా అలమారలో సబ్బులు ఏడాదికి సరిపడా ఉన్నాయి. మా ఆయన నవ్వుతారు, నీకు సబ్బుల పిచ్చి పట్టిందని. అప్పు తీర్చుకుంటున్నానా? సబ్బులతోనా? బీరువా ఒకటి కొని వాళ్ళ గడపలో దింపాలని ఎన్నోసార్లు అనుకున్నాను. అప్పుడు ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పాలి. అక్కడే ఆగిపోతాను.

ఒక్కసారి ప్రయత్నించాను. పోయిన ఎండాకాలం, దుకాణంలో ఎవరూ లేరు. "రాజేశం, గా బండి సంగతి..." అని మొదలుపెట్టాను. అతను నా ముఖంలోకి చూశాడు.

"ఏ సబ్బు కావాలె వదినా?" అన్నాడు.

నేను సబ్బు తీసుకుని వచ్చేశాను. నన్ను కాపాడాడా? లేక నా బరువు దించుకునే చోటు అది కాదని చెప్పాడా? మొదటిదే అనుకోవాలని ఉంటుంది. కానీ ఏడేళ్ళ కింద కూడా నాకు అనుకూలమైనదే అనుకున్నాను కదా. అందుకే ఇప్పుడు నా అనుకోవడాల మీద నాకు నమ్మకం లేదు.

రేపు వెళ్ళి లక్ష్మికి చెప్తానని ఇక్కడ రాయాలని ఉంది. రాస్తే ఇది చదవడానికి బాగుంటుంది. వెళ్తానో లేదో నాకు తెలియదు, కాబట్టి రాయను. ఆమె క్షమిస్తుందని కూడా అనుకోను. ఆ వీపు మీద పుండ్లకు కట్టు మార్చింది ఆమె, నేను కాదు.

రాయగలిగింది ఇంతే. ఆ మధ్యాహ్నం కుర్చీ మా ఇంట్లోనే ఉంది. ఆమెకు అది ఎందుకు కావాలో నాకు తెలుసు. తెలిసే లేదన్నాను. ఇన్నేళ్ళలో ఈ మూడు ముక్కలు ఒకదాని పక్కన ఒకటి పెట్టడం ఇదే మొదటిసారి. పెట్టాక ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది.

అంతే. అంతకంటే ఏమీ మారలేదు.