సౌపర్ణికకు లోపం వెతికిన రోజులు

ఫోన్లలో నెట్ చవకైపోయి, నరసన్నపేట టీ కొట్ల ముందు నిలబడ్డవాళ్ళంతా ఒకేసారి తలలు వంచుకోవడం నేర్చుకున్న ఆ రోజుల్లో నేను రచయిత్రిని అయ్యాను. అవ్వమని ఎవరూ అడగలేదు. డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉండగా ఒక టీవీ సీరియల్ పిచ్చిలో పడి, దాని అభిమానులు ఫోన్లో నడుపుకునే పేజీలో ఆ కథకు నా సొంత కొనసాగింపు రాయడం మొదలుపెట్టాను. సీరియల్లో హీరోకి చెల్లెలు లేదు. అంత పెద్ద బంగళా, అన్ని మెట్లు, మెట్టుకొకరు చొప్పున అత్తలు ఉండి, ఒక్క చెల్లెలు లేకపోవడం నాకు అన్యాయంగా తోచింది. అందుకని విదేశాల్లో చదువు ముగించుకుని వచ్చిన చెల్లెల్ని నేనే పుట్టించాను. పేరు సౌపర్ణిక.

సౌపర్ణికది వెన్నెల రంగు. జుట్టు మోకాళ్ళు దాటేది. కళ్ళు ఊదారంగు (ఊదా అంటే ఏ రంగో అప్పటికి నాకు గట్టిగా తెలియదు, దాదాపు వంకాయ రంగని తరువాత ఎవరో చెప్పారు). ఆమె డాక్టరు, కలెక్టరు కూడా. రెండు ఉద్యోగాలు ఒకేసారి ఎలా చేస్తుందని అడక్కండి, ఆమెకు నిద్ర అవసరం లేదు. కూచిపూడి, కర్రసాము, వీణ వచ్చు. హెలికాప్టరు తనే నడుపుకుంటుంది. ఆమె వండిన పప్పుచారు తిని విలన్ కంటతడి పెట్టుకుని ఆస్తి కాగితాలు తిరిగి ఇచ్చేశాడు. నేనేమో ఎండుచేపల వ్యాపారి కూతుర్ని. మా ఇంట్లో ఆరేసిన బట్టలు ఎన్ని సబ్బులు మార్చినా అదే వాసన వేసేవి. కాలేజీ బస్సు ఎంత నిండినా నా పక్క సీటు చివరిదాకా ఖాళీగా ఉండేది. సౌపర్ణిక నడిచి వెళితే మాత్రం మల్లెల పరిమళం వచ్చేది. ప్రతి భాగంలోనూ వచ్చేది. ఏది మరిచినా అది రాయడం మరిచేదాన్ని కాదు.

అదే ఏడు మా పెద్దత్త భావనపాడు నుంచి మా ఇంటికి వచ్చేసింది. నాన్నకు అక్క. పిల్లలు లేరు, మావయ్య ఎప్పుడో పోయాడు. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్మిన మనిషి, గంప దింపితే నోరు ఎత్తేది. ఆమె కేకకు బేరమాడేవాళ్ళు సగం బేరంలోనే దండం పెట్టేసేవారట. అలాంటి మనిషికి, మా వైపు ఎన్నో ఇళ్ళలోకి చొరబడ్డ ఆ కిడ్నీ జబ్బే వచ్చింది. వారంలో కొన్ని రోజులు డయాలసిస్ చేయించాలి. నాన్నకు సంతలు, అమ్మకు ఇల్లు. కాలేజీ ఎగ్గొట్టడానికి ఏ సాకైనా చాలనుకునే నేను ఆసుపత్రికి తోడు వెళ్ళేదాన్ని.

వెళ్ళాక తెలిసింది అక్కడ కాలం ఎంత మెల్లగా నడుస్తుందో. ఒంట్లోని రక్తమంతా గొట్టంలోంచి యంత్రంలోకి వెళ్ళి, కడిగించుకుని, తిరిగి వచ్చేదాకా అత్త కదలకూడదు. గంపతో ఊళ్ళు కొలిచిన మనిషికి అది జబ్బుకంటే పెద్ద శిక్ష. మొదటి రోజే పైకప్పు చూసి చూసి విసుగొచ్చి నా మీద పడింది.

"ఏటే, ఆ ఫోన్ల ఏటి గీకుతన్నావు?"

"కథ రాస్తన్నానత్తా."

"మరి సదువు. నాను సచ్చినాక సదువుతావేటి?"

చదివాను. సౌపర్ణిక పేరు అత్త నోట్లో ఇమడలేదు. "సొప్పన్నిక" అని ఒకసారి, "సొప్పర్నీ" అని ఒకసారి ప్రయత్నించి, చివరికి "సొప్ప" దగ్గర స్థిరపడింది. విదేశాల్లో చదివిన నా ఊదాకళ్ళ సుందరి ఆ గదిలో పశువుల మేత పేరుతో చలామణీ కావడం చూసి నాకు ఏడుపొచ్చింది గానీ, అత్త వినే తీరు చూస్తే పేరు సంగతి మరిచిపోయాను.

"మోకాళ్ళ కిందకి జుట్టేటే? పేలు పడితే ఎవులు తీస్తారు?"

"ఆమెకి పేలు పడవత్తా."

"పడవా?" ఇంత బతుకులో పేలు పడని ఆడపిల్ల గురించి వినడం అత్తకదే మొదలు. "మంచిది. పడకపోతే మరీ మంచిది. సదువు."

పక్క మంచం మీద ఉద్దానం వైపు జీడితోటల మనిషి ఒకాయన ఉండేవాడు. నేను జీడిమావ అని పిలిచేదాన్ని. మొదట్లో నిద్రపోతున్నట్టు నటిస్తూ వినేవాడు. హెలికాప్టరు బంగళా మేడమీద దిగిన రోజు నటన వదిలేసి కళ్ళు తెరిచాడు. "స్లాబు ఆగుతాదా పిల్లా?" అని అడిగాడు. ఆగుతుందన్నాను. "ఏ సిమెంటో కనుక్కోయే. మావోడు ఇల్లు కడతన్నాడు." అప్పటినుంచి ఆ గదిలో నేను గొంతు పెంచి చదవాల్సి వచ్చేది, కిటికీ పక్క మంచాల వాళ్ళకి కూడా వినపడాలని. సూదులు పెట్టే సిస్టరమ్మ సైతం, "ఉండమ్మాయ్, నేనొచ్చాక మొదలుపెట్టు" అనేది.

పేజీలో మాత్రం నాకంత మర్యాద దొరకలేదు. గులాబీ పువ్వు బొమ్మ పెట్టుకున్న ఒకరు (ఆడో మగో, ఏ ఊరో ఇప్పటికీ తెలియదు) ఒక రోజు నా కథ కింద ఇలా రాశారు: "ఈ అమ్మాయికి ఒక్కసారైనా ముక్కు కారదా? లోపం లేనిది మనిషి కాదు, బొమ్మ. ఇలాంటి పాత్రల్ని వెక్కిరించడానికి ఇంగ్లీషులో ఒక పేరే ఉంది, తెలుసుకోండి." దాని కింద చాలామంది నవ్వు బొమ్మలు పెట్టారు. ఆ పేరేమిటో వెతికి తెలుసుకున్నాను కూడా. తెలుసుకున్నాక స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. మర్నాడు ఆసుపత్రిలో నా కళ్ళు చూసి అత్త నిలదీసింది.

"ఎవులే ఆ గులాబీ?"

"తెలీదత్తా."

"ఏ ఊరు?"

"తెలీదు."

"ఊరూ పేరూ తెలీనోళ్ళ మాటకి కళ్ళు వాపించుకున్నావేటే? నన్ను సంతల ఎన్నేసి మాటలన్నారో ఇన్నావా?"

అయినా నా మనసు ఒప్పుకోలేదు. సౌపర్ణికకు ఏదో ఒక లోపం పెట్టి తీరతానన్నాను. అంతే, గదంతా ఆ పనిలో పడింది. అన్నం మాడ్చేస్తుందని రాయమంది సిస్టరమ్మ. "నలుగురికి వొండే పిల్ల ఎందుకు మాడుస్తాది?" అని అత్త కొట్టేసింది. కోపం ఎక్కువని రాయమన్నాడు జీడిమావ. "కోపం నాకున్నాది. ఆ బంగళాకీ ఈ గదికీ కలిపి అది సాలు," అంది అత్త. నిద్రలో పళ్ళు కొరుకుతుందని కిటికీ పక్కనుంచి ఎవరో అన్నారు. "నిద్దరే పోదని రాసింది కదరా, ఇన్లేదేటి?" అని జీడిమావే వాళ్ళను కసిరాడు. అందరూ నవ్వుతున్నారు. ఆ ఊపులో నేనూ ఒకటి అన్నాను. "పోనీ ఏదైనా జబ్బు పెట్టేద్దునా అత్తా? చిన్నదే. చదివినవాళ్ళకి జాలేస్తాది."

నవ్వులు ఆగిపోయాయి. అత్త కోప్పడుతుందనుకున్నాను. కోప్పడితే బాగుండేది. ఆమె కళ్ళు మూసుకుని, గొట్టాలున్న చేతిని కదపకుండా, ఎన్నడూ లేనంత చిన్న గొంతుతో అంది.

"ఒసే, ఈ గదిల ఇంతమందిమి ఉన్నాం. మాకు రానిదేటి మిగిలిందే, ఆ పిల్లకి పెట్టడానికి? ఒక్కదాన్ని ఒగ్గేయ్. ఒక్కదానికి ఏటీ రాకుండా ఉండనీ."

జీడిమావ అటు తిరిగి పడుకున్నాడు. ఆ సాయంత్రం బస్సులోనే గులాబీకి జవాబు రాశాను. "సౌపర్ణికకు ముక్కు కారదు. ఇకముందు కూడా కారదు." నా సాహిత్య జీవితంలో అంత ధైర్యంగా రాసిన వాక్యం మరొకటి లేదు.

వర్షాలు మొదలయ్యేసరికి అత్త కాళ్ళు వాచాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. నీళ్ళు కొలిచి తాగాలి కాబట్టి, గ్లాసు అడుగున ఉన్న గుక్కను రోజంతా దాచుకునేది. కొబ్బరితోటల మధ్య పుట్టి పెరిగిన మనిషిని డాక్టరు కొబ్బరినీళ్ళ వైపు చూడొద్దన్నాడు. ఆసుపత్రి గేటు బయట బొండాల బండి ఉండేది. ఆటో అక్కడికి వచ్చేసరికి అత్త తల రెండో పక్కకు తిప్పుకునేది. ఒకరోజు ఉన్నట్టుండి అడిగింది.

"సొప్ప మా ఊరు ఎప్పుడొస్తాదే?"

"భావనపాడా? ఆమెది హైదరాబాదు కదత్తా."

"హెలికాప్టరున్నాది కదే!"

సౌపర్ణికను భావనపాడు ఒడ్డున దింపాను. హెలికాప్టరు గాలికి ఇసుక లేచి ఆరబెట్టిన చేపలమీద పడితే, మా వాళ్ళు ఆమెను తిట్టిన తిట్లు రాయడానికి అత్తే సాయం చేసింది (పేజీ వాళ్ళు వాటిలో సగం తీసేశారు). తరువాతి భాగానికి నా దగ్గర గొప్ప పథకం ఉంది. సౌపర్ణిక డాక్టరు కదా, మా వైపు జబ్బుకు మందు కనిపెడుతుంది; అందరూ గొట్టాలు పీకేసి లేచి నడిచి ఇళ్ళకు పోతారు. రాసే ముందే ఆ సంగతి చెప్పాను. జీడిమావ చెయ్యి అడ్డంగా ఊపాడు.

"అది రాయకే పిల్లా. అది ఇనేసి ఇంటికెల్తే, మళ్ళీ ఇక్కడికి రావడానికి కాళ్ళు రావు."

"మందూ గిందూ ఒద్దు," అంది అత్త. "నాకొక బొండం కొట్టించు సొప్ప సేత. పెద్దది. గొంతు దిగినంతసేపూ రాయి."

ఇంటికొచ్చి కూర్చుంటే తెలిసింది అది ఎంత కష్టమో. వెన్నెల, మల్లెలు, వీణ, నా దగ్గరున్న సామానేదీ అక్కడ పనికిరాలేదు. కత్తి దెబ్బకు పీచు ఎగరడం, కన్నం దగ్గర పొంగిన చుక్క, బొండం ఎత్తినప్పుడు గడ్డం మీదుగా మెడలోకి జారిన తడి, అవే రాశాను. సౌపర్ణిక చేసిందల్లా బొండం పట్టుకుని నిలబడడం. మర్నాడు చదువుతుంటే అత్త కళ్ళు మూసుకుని ఉంది, గొంతు మాత్రం కదులుతోంది. చివరికి వచ్చేసరికి జీడిమావ గొంతు వినపడింది. "మరి నాకో?"

ఫోన్లో రాసింది అయిపోయింది. అయినా చూపు దానిమీదే ఉంచి చదువుతున్నట్టే చెప్పాను. సౌపర్ణిక వెనక్కి తిరిగింది, జీడితోటల మావను చూసింది, ఇంకోటి కొట్టించింది. తరువాత కిటికీ పక్కాయనకి. తరువాత మూలనున్న ముసలమ్మకి, ఆమెకు లేతది కావాలంటే లేతదే. గది చివరిదాకా అందరికీ ఇప్పించాను. సిస్టరమ్మ డాక్టరు వస్తున్నాడేమోనని తలుపు దగ్గరకెళ్ళి నిలబడింది. "కథలోవే కదా, తాగనీ," అంది కళ్ళు తుడుచుకుంటూ. అత్త పెదాలు నాలుకతో తడుపుకుని, "సల్లగున్నాదే," అంది.

ఆ భాగం కింద గులాబీ యథాప్రకారం వచ్చారు. "కొబ్బరినీళ్ళు తాగడం ఇంత పొడుగ్గా రాయాలా?" కాసేపటికి దాని కిందే ఇంకో మాట కనపడింది. "కానీ నాకు దాహం వేసింది."

ఇంకొన్నాళ్ళకే అత్త పోయింది. పొద్దున్న అమ్మ లేపబోతే లేవలేదు, అంతే. భావనపాడు తీసుకెళ్ళాం. ఆ రోజు వేటకు వెళ్ళాల్సిన వాళ్ళంతా పడవలు ఒడ్డున వదిలి వచ్చారు. నాన్న అందరితో మామూలుగా మాట్లాడి, అన్ని పనులూ చూసి, తిరిగి వచ్చాక ఎండుచేపల గోనెల మధ్య కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పేజీలో "తరువాతి భాగం ఎప్పుడు?" అని అడుగుతూనే ఉన్నారు. "సౌపర్ణిక ఏమైంది?" అని గులాబీ కూడా అడిగారు.

దినాలు అయ్యాక, అత్త కప్పుకున్న మంచి దుప్పటి జీడిమావకు ఇచ్చి రమ్మని నాన్న పంపాడు. అత్త మంచం మీద ఎవరో కొత్తావిడ ఉంది. జీడిమావ బాగా చిక్కిపోయాడు. దుప్పటి గుండెలమీద పెట్టుకుని చాలాసేపు దాని అంచు తడిమాడు. అప్పుడడిగాడు.

"మీ అత్త పోయినప్పుడు సొప్పమ్మ వచ్చినాదా?"

ఆయన హాస్యానికి అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"రానేదు మావా. బస్సు తప్పిపోయినాదట."

"అదేటి, హెలికాప్టరో?"

"పాడైపోయింది. టెక్కలి కాడ బస్సు కోసం నిలబడి నిలబడి, వచ్చేసరికి అంతా అయిపోయింది."

జీడిమావ ముందు నవ్వాడు. ఒళ్ళంతా కదిలేలా నవ్వాడు, గొట్టం కదులుతుందని సిస్టరమ్మ పరిగెత్తుకొచ్చింది. తరువాత ఆ నవ్వు మెల్లగా ఆపి, కళ్ళు తుడుచుకున్నాడు. "పాపం, ఎంత ఇదైపోయుంటాదో," అన్నాడు. "మరి ఇప్పుడెక్కడున్నాది?"

"మా ఇంట్లోనే ఉన్నాది మావా. నాకు తోడుగా."

"ఉండనీ. కొన్నాళ్ళు పంపించకు."

సౌపర్ణిక గురించి నేను చెప్పిన ఆఖరి భాగం అదే. రాయలేదు. తరువాత చదువు పూర్తయింది, ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు చీపురుపల్లి వైపు ఒక బడిలో తెలుగు చెబుతున్నాను. అప్పుడప్పుడూ పత్రికలకు కథలు పంపుతాను. నా పాత్రలు అబద్ధాలాడతాయి, అసూయ పడతాయి, వాటికి జలుబూ చేస్తుంది. సహజంగా ఉన్నాయని మెచ్చుకుంటారు.

మొన్న రైల్లో వస్తూ, ఏమీ తోచక ఆ పాత పేజీ ఇంకా ఉందేమోనని వెతికాను. ఉంది. మొదటి భాగం తెరిచాను. తొలి వాక్యంలోనే సౌపర్ణిక విమానం దిగుతోంది, విమానాశ్రయంలో వాళ్ళంతా చేస్తున్న పనులు ఆపి చూస్తున్నారు, ఒకాయన చేతిలో టీ కప్పు జారిపోయింది. ఆ టీ కప్పు రాసినప్పుడు నన్ను నేను ఎంత మెచ్చుకున్నానో గుర్తొచ్చి పైకే నవ్వేశాను. ఎదురు సీటులోని ముసలమ్మ ఆశ్చర్యంగా చూసింది.

"ఏటమ్మా, నీల నువ్వే నవ్వుతన్నావు?"

"తెలిసిన పిల్ల కనపడిందమ్మా, ఫోన్ల."

"ఎవులు? మీ ఓళ్ళేనా?"

"మా అత్త పెంచిన పిల్ల."

"బాగున్నాదా?"

కిటికీలోంచి ఎండ పడుతుంటే ఫోను కొంచెం పక్కకు తిప్పి, మళ్ళీ చూసి చెప్పాను. "బాగున్నాదమ్మా. సాలా బాగున్నాది."