దారిఖర్చుల కవరు

ఎనభైల మధ్యలో మా సేఠ్ కొందరు వ్యాపారులతో కలిసి చైనా వెళ్ళొచ్చాడు. భిలాయి ఉక్కు ప్లాంటుకు ఇనుప సామాన్లు చేసిపెట్టే వర్క్‌షాపు ఆయనది. నేను అక్కడ టైపిస్టుని. తిరిగొచ్చాక ఆయన ఆ దేశం గురించి చెప్పింది ఒక్కటే, ఒక ఫ్యాక్టరీవాళ్ళు విలేకరులను పిలిచిన తీరు. భోజనం పెట్టారట. వెళ్ళేటప్పుడు తలా ఒక కవరు ఇచ్చారట. అందులో ముందే రాసిపెట్టిన వార్త, దారిఖర్చుల పేరుతో కొంత డబ్బు. మర్నాడు పేపర్లలో ఆ రాసిందే వచ్చిందట.

"వాళ్ళ రాజ్యం వేరు కదా, సేఠ్‌జీ" అన్నాను.

"కవరు ఏ రాజ్యంలోనైనా ఒకటే, బాబూ" అని నవ్వాడు.

ఆ వానాకాలమే వర్క్‌షాపులో గొలుసు తెగి, ఇనుప దూలం మీద పడి మా బావ చనిపోయాడు. గొలుసు అరిగిపోయిందని అంతకుముందు రెండుసార్లు నా ఎదురుగానే సేఠ్‌కి చెప్పాడు. సేఠ్ విలేకరులను పిలిచాడు. చనిపోయినవాడు తాగి పనిలోకి వచ్చాడని నా చేతే టైపు చేయించాడు. బావ చుక్క ముట్టి ఎరగడు.

క్యాంప్ 2 బస్తీలో, వాళ్ళింట్లో అక్క నన్ను ఒకటే అడిగింది. "మీ బావ పన్జేస్తూ పోయేడని పేపర్లో రాయించరా. నాకింకేటీ వద్దు."

టైపు కొట్టాను. విలేకరులకు ఇవ్వాల్సిన మూడు కవర్లలోనూ ఒక్కో చిట్టీ పెట్టాను. గొలుసు అరిగిందనీ, ఆ మనిషికి తాగుడు లేదనీ చేత్తో రాశాను. నాకున్న ధైర్యం అంతే.

ముగ్గురు విలేకరులూ మా జీపులోనే వచ్చి, మా జీపులోనే వెళ్ళారు. దారిఖర్చులు తీసుకున్నారు. ఒకాయన సమోసాలోకి చట్నీ మళ్ళీ అడిగి వేయించుకున్నాడు. గొలుసు ఇరవై అడుగుల దూరంలోనే పడి ఉంది. ఎవరూ లేచి చూడలేదు.

మర్నాడు మూడు పేపర్లలోనూ నేను టైపు కొట్టిన వాక్యాలే, ఒక్క మాట తేడా లేకుండా. మధ్యాహ్నం ఆ ముగ్గురిలో ఒకాయన, శ్రీకాకుళం వైపు మనిషి, నా బల్ల మీద చిట్టీ మడిచి పెట్టాడు.

"ఇది పొరపాట్న కవర్లోకి వచ్చీసిందండీ. సేఠ్ చూస్తే మీ ఉద్యోగం ఉంటదేటి?"

"చదివారా?"

"చదవకేటి! అందుకే తెచ్చీసేను. మీరు మనోళ్ళు కదా."

నాకు మేలు చేశాననే అనుకున్నాడు. కవరు మాత్రం తేలేదు. నేను థాంక్స్ చెప్పాను.

సాయంత్రం అక్క ముందు పేపరు పరిచి ఉంది. ఆమెకు హిందీ చదవడం వచ్చు.

"తాగేడని రాసినోడెవుడ్రా? ఆడి చేతులు పడిపోను!"

"పేపరోళ్ళక్కా" అన్నాను.

అక్క నిరుడు పోయింది. చివరిదాకా పేపరువాళ్ళనే తిట్టింది. ఆ టైపు కొట్టింది నేనని ఆమెకు చెప్పలేదు.